రష్యా-ఉక్రెయిన్ వార్: ఫోన్లో కనిపించే యుద్ధం వేరు.. నేల మీద జరిగే యుద్ధం వేరు! మన కుర్రాళ్లు ఇరుక్కున్నది ఎక్కడ?

రష్యా-ఉక్రెయిన్ యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలైంది. మనకు సంబంధం లేని ఒక యుద్ధం గురించి తెలుగు జనం ఇన్ని వీడియోలు చూడటం బహుశా ఇదే మొదటిసారి. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక అంచున ఉన్న అగళి మండలాన్నే తీసుకోండి. ఇక్కడ తెలుగు, కన్నడ రెండూ నడుస్తాయి. అందుకే ఒకే డ్రోన్ క్లిప్పు తెలుగు వాయిస్‌తో ఒకసారి, కన్నడ వాయిస్‌తో ఇంకోసారి ఫోన్లోకి వచ్చేస్తుంది. ఒక దాంట్లో రష్యా పనైపోయిందంటారు. ఇంకో దాంట్లో ఉక్రెయిన్ చేతులెత్తేసిందంటారు. ఇక టీ కొట్టు దగ్గర వాదన మొదలు.

ఆ వాదనలో ఎవరు గెలిచినా ఓ విషయం మాత్రం చాలామంది పట్టించుకోరు. ఈ యుద్ధంలో వీడియో కూడా ఒక ఆయుధమే. ఫిరంగి గుండు ఎక్కడ పడాలో లెక్క వేసినట్టే, క్లిప్పు ఎవరి ఫోన్లో పడాలో కూడా లెక్క వేస్తారు. ఎదుటి సైన్యాన్ని మోసం చేయడానికి కొన్ని, సొంత జనానికి ధైర్యం చెప్పడానికి కొన్ని, విరాళాల కోసం కొన్ని. కొన్నేమో సైన్యంలోకి మనుషుల్ని లాగడానికి! తెలుగు రాష్ట్రాల కుటుంబాలకు గట్టి దెబ్బ తగిలింది ఈ చివరి రకం వీడియోల వల్లే. ఆ సంగతి తెలియాలంటే ముందు వ్యూహానికీ, ప్రచారానికీ ఉన్న లింకు తెలియాలి.

మొదటి వారంలోనే భారత విద్యార్థుల పేరుతో ప్రచారం

యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో వేల మంది భారతీయ మెడికల్ స్టూడెంట్స్ ఉన్నారు. ఆంధ్రా, తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లే వందల్లో ఉన్నారు. మార్చి 1న ఖార్కివ్‌లో షెల్లింగ్‌లో కర్ణాటకలోని హావేరి జిల్లాకు చెందిన విద్యార్థి చనిపోయాడు. మెట్రో స్టేషన్లలో, బంకర్లలో తలదాచుకున్న పిల్లల వీడియోలు చూసి ఇక్కడి తల్లిదండ్రులు అల్లాడిపోయారు.

సరిగ్గా అప్పుడే ప్రచారం మొదలైంది. భారత విద్యార్థుల్ని ఉక్రెయిన్ బలగాలు బందీలుగా పట్టుకుని అడ్డుపెట్టుకుంటున్నాయని రష్యా చెప్పింది. లేదు, రష్యా బాంబుల వల్లే వాళ్లు ఇరుక్కుపోయారని ఉక్రెయిన్ చెప్పింది. రెండు దేశాలూ మాట్లాడింది మన పిల్లల గురించే. కానీ రెండిటికీ కావాల్సింది ఢిల్లీ మద్దతు. చివరికి మార్చి 3న భారత విదేశాంగ శాఖ ఓ ప్రకటన ఇచ్చింది. ఏ విద్యార్థినైనా బందీగా పట్టుకున్నట్టు తమకు సమాచారం లేదని తేల్చి చెప్పింది.

అదే రోజు ఇంకో పుకారుకు కూడా బ్రేక్ పడింది. భారత విద్యార్థుల కోసం రష్యా ఆరు గంటలు యుద్ధం ఆపిందని అప్పటికే సోషల్ మీడియాలో మోత మోగిపోతోంది. ఫలానా దారిలో, ఫలానా టైమ్‌కు బయటపడండి అనే సమాచారం మాత్రమే తమకు వచ్చిందని, దాన్ని పట్టుకుని బాంబులు ఆపేశారనడం సరికాదని విదేశాంగ శాఖ ప్రతినిధి చెప్పారు. అయినా ఆ మాట ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఆపరేషన్ గంగా కింద దాదాపు 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారు. ఆ పని రుమేనియా, పోలండ్, హంగరీ, స్లొవేకియా సరిహద్దుల్లో అధికారులు, విమానాలు, బస్సులతో జరిగింది.

దెయ్యం పైలట్.. పాము దీవి.. ట్యాంకు అనుకున్న ట్రాక్టర్

ఉక్రెయిన్ సంగతే ముందు చూద్దాం. మొదటి వారంలో ‘ఘోస్ట్ ఆఫ్ కీవ్’ అనే పైలట్ ఒక్కడే రష్యా విమానాల్ని వరసబెట్టి కూల్చేశాడని వీడియో వచ్చింది. అది ‘డీసీఎస్ వరల్డ్’ అనే వీడియో గేమ్‌లోని సీన్. 2022 ఏప్రిల్ 30న ఉక్రెయిన్ వైమానిక దళమే అలాంటి వ్యక్తి ఎవరూ లేరని, అది జనం అల్లుకున్న కథ అని ఒప్పుకుంది.

స్నేక్ ఐలాండ్ కథ ఇంకా చిత్రం. లొంగిపొమ్మన్న రష్యా యుద్ధనౌకను బూతు తిట్టి 13 మంది సైనికులు ప్రాణాలిచ్చారని ముందు చెప్పారు. తిట్టిన మాట నిజమే. చనిపోయారన్నది మాత్రం నిజం కాదు. వాళ్లను రష్యా ఖైదు చేసిందని కొద్ది రోజులకే తేలింది. ఆ తిట్టు మీద ఉక్రెయిన్ ఏప్రిల్ 12న పోస్టల్ స్టాంపు కూడా వేసింది. రెండు రోజులకే, 14న, ఆ తిట్లు తిన్న ‘మాస్క్వా’ నౌక నల్ల సముద్రంలో మునిగిపోయింది. తమ క్షిపణులే ముంచాయని ఉక్రెయిన్ చెప్పింది. నౌకలో మంటలు లేచి మందుగుండు పేలిందని రష్యా చెప్పింది. అంటే తమ ఫ్లాగ్‌షిప్‌ను శత్రువు ముంచాడని చెప్పుకోవడం కన్నా, తమవాళ్ల నిర్లక్ష్యం వల్ల మునిగిందని చెప్పుకోవడమే మాస్కోకు నయమనిపించిందన్నమాట!

రష్యా ప్రచారం తీరు వేరు. అక్కడ దీన్ని యుద్ధం అనకూడదు, ‘ప్రత్యేక సైనిక చర్య’ అనాలి. 2022 మార్చి 4న తెచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. ఏది తప్పుడు సమాచారమో తేల్చేది కూడా ప్రభుత్వమే. మార్చి 16న ఇంకో ఎత్తు కనిపించింది. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికుల్ని ఆయుధాలు కింద పెట్టమంటున్నట్టు ఓ డీప్‌ఫేక్ వీడియో బయటికొచ్చింది. తల ఒక సైజు, ఒళ్లు ఒక సైజు! నిమిషాల్లోనే జెలెన్‌స్కీ స్వయంగా వీడియో పెట్టి ఖండించారు. ఆ డీప్‌ఫేక్ నాసిరకం కాబట్టి దొరికిపోయింది. ఇప్పుడున్న ఏఐ టూల్స్‌తో చేస్తే అంత సులువుగా దొరకదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. రెండు వైపులా ప్రచారం ఉంది కాబట్టి రెండూ సమానమే అనుకుంటే పొరపాటు. దెయ్యం పైలట్ కథతో జనానికి కాస్త హుషారు వచ్చింది, అంతే. బుచా విషయంలో జరిగింది అలాంటిది కాదు. కీవ్ పక్కనే ఉన్న ఆ ఊరి నుంచి 2022 మార్చి చివర్లో రష్యా సేనలు వెళ్లిపోయాక వీధుల్లో పౌరుల శవాలు కనిపించాయి. ఇదంతా మేం వెళ్లాక ఆడించిన నాటకమని మాస్కో చెప్పింది. కానీ రష్యా సైన్యం ఊర్లో ఉన్నప్పుడే, మార్చి మధ్యలో తీసిన శాటిలైట్ ఫొటోల్లో అవే వీధుల్లో అవే చోట్ల శవాలు ఉన్నాయి. అబద్ధాల్లోనూ పెద్దవి చిన్నవి ఉంటాయి. ఒక హత్యాకాండను దాచడానికి ఆడిన అబద్ధాన్ని స్టాంపు కథతో కలిపి చూడలేం.

అలాగని రష్యా ప్రచారం ప్రతిసారీ పకడ్బందీగా ఉంటుందనుకోవద్దు. 2023 జూన్‌లో ఉక్రెయిన్ ఎదురుదాడి మొదలైనప్పుడు, జర్మనీ ఇచ్చిన లెపర్డ్ ట్యాంకుల్ని పేల్చేశామంటూ రష్యా రక్షణ శాఖ హెలికాప్టర్ నుంచి తీసిన వీడియో వదిలింది. అది చూసి రష్యా మిలిటరీ బ్లాగర్లే తలపట్టుకున్నారు. వీడియోలో పేలింది పొలంలో నిలిపిన వ్యవసాయ యంత్రంలా ఉందని వాళ్లే బయటపెట్టారు.

వ్యూహం ఎక్కడ, పబ్లిసిటీ ఎక్కడ?

యుద్ధంలో ప్రచారం చాలాసార్లు వ్యూహంలో భాగంగానే నడుస్తుంది. దీనికి మంచి ఉదాహరణ 2022 సెప్టెంబర్. ఆ వేసవి అంతా ఉక్రెయిన్ నాయకులు దక్షిణాన ఖేర్సన్ మీద దాడి చేస్తామని పబ్లిగ్గా చెబుతూ వచ్చారు. రష్యా నమ్మింది. తూర్పు నుంచి బలగాల్ని తీసి దక్షిణానికి పంపింది. సెప్టెంబర్ మొదటి వారంలో ఉక్రెయిన్ దెబ్బ ఈశాన్యంలో, ఖార్కివ్ వైపు పడింది. రోజుల్లోనే బలక్లియా, ఇజ్యూమ్ పట్టణాలు చేతులు మారాయి. రష్యా రక్షణ శాఖ దానికి పెట్టిన పేరు ‘రీగ్రూపింగ్’.

అయితే ఖేర్సన్ మాట ఉత్తుత్తిదా అంటే అదీ కాదు. అక్కడా నిజంగానే పోరాడారు. నవంబర్ 11న ఆ నగరం కూడా ఉక్రెయిన్ చేతికి వచ్చింది. నిజాన్ని గట్టిగా చెప్పి, ఇంకో నిజాన్ని దాచడం.. పాత విద్యే.

2023లో మాత్రం అదే ఉక్రెయిన్‌కు పబ్లిసిటీ ఎదురు తిరిగింది. ఎదురుదాడికి ముందు నెలల తరబడి ఊరించారు. సినిమా ట్రైలర్ లాంటి వీడియోలు వచ్చాయి. ఈలోగా రష్యా జపోరిజియాలో మైళ్ల కొద్దీ మందుపాతరలు, ట్యాంకుల్ని ఆపే కందకాలు, కాంక్రీట్ అడ్డాలు కట్టుకుంది. ఎక్కడ కొడతారో అందరికీ తెలుసు. దాడి రొబోటినే అనే చిన్న ఊరు దాటాక ఆగిపోయింది. ఆశ పెంచిన వీడియోలే తర్వాత నిరాశను రెట్టింపు చేశాయి.

ఆ పాఠం నేర్చుకున్నట్టే 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సేనలు సడీచప్పుడు లేకుండా రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి దూరాయి. నాలుగు రోజుల దాకా కీవ్ నోరు విప్పలేదు. ఈ కుర్స్క్ వ్యూహం మీద ఇప్పటికీ నిపుణుల మధ్య రెండు వాదనలు ఉన్నాయి. రష్యా గడ్డ మీదకే యుద్ధం తీసుకెళ్లి పుతిన్ ఇమేజ్‌ను దెబ్బతీశారు, బేరానికి ఒక ముక్క చేతిలో పెట్టుకున్నారన్నది ఒకటి. డాన్‌బాస్‌లో మనుషులు చాలక ఊళ్లు పోగొట్టుకుంటున్న టైమ్‌లో మంచి బ్రిగేడ్లను అక్కడ ఖర్చు పెట్టారన్నది రెండోది. 2025 మార్చిలో సుద్జా పట్టణం మళ్లీ రష్యా చేతిలోకి వెళ్లిపోయాక రెండో వాదనకే బరువు పెరిగింది. బేరానికి దాచుకున్న ముక్క బేరం మొదలయ్యే టైమ్‌కే చేజారింది మరి.

2025 నవంబర్‌లో ఇంకో సీన్ నడిచింది. కుపియాన్స్క్ నగరాన్ని పూర్తిగా పట్టుకున్నామని రష్యా సైన్యాధిపతి గెరాసిమోవ్ నవంబర్ 20న పుతిన్‌కు చెప్పారు. డిసెంబర్ 12న జెలెన్‌స్కీ అదే ఊరి పొలిమేరలోని బోర్డు ముందు నిలబడి సెల్ఫీ వీడియో తీసి వదిలారు. ఒక పక్క శాంతి చర్చలు. ‘ఎలాగూ ఓడిపోతున్నారు, ఇచ్చేసి ఒప్పందం చేసుకోండి’ అని వాషింగ్టన్‌ను నమ్మించాలని మాస్కోకు ఉంది. ‘మాకింకా దమ్ముంది’ అని చూపించాలని కీవ్‌కు ఉంది. ఒక ఊరి పేరు బోర్డు చుట్టూ ఇంత గొడవ జరిగింది అందుకే.

డ్రోన్ వీడియోలు అన్నీ నిజమేనా?

చాలావరకు నిజమే. అదే చిక్కు! తగిలిన దెబ్బల వీడియోలే బయటికొస్తాయి. గురి తప్పినవి, జామింగ్‌లో పడిపోయినవి ఎవరూ పోస్ట్ చేయరు. రోజూ పది హిట్లు చూసేవాడికి ప్రతి డ్రోనూ తగులుతుందనిపిస్తుంది. పైగా ఉక్రెయిన్‌లో వీడియోకు విలువ కట్టే పద్ధతే ఉంది. శత్రువు ట్యాంకును, సైనికుడిని కొట్టినట్టు వీడియో రుజువు పెడితే యూనిట్‌కు ‘ఈ-పాయింట్లు’ ఇస్తారు. ఆ పాయింట్లతో ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్లో కొత్త డ్రోన్లు తీసుకోవచ్చు. విరాళాలు అడిగే యూనిట్లకు కూడా ఆ క్లిప్పులే పోస్టర్లు.

2025 జూన్ 1న జరిగిన ‘ఆపరేషన్ స్పైడర్ వెబ్’ సంగతీ ఇంతే. లారీల్లో దాచి తీసుకెళ్లిన 117 డ్రోన్లతో రష్యా లోపలి ఎయిర్‌బేస్‌లను కొట్టారు. 41 విమానాలు దెబ్బతిన్నాయని ఉక్రెయిన్ చెప్పింది. అమెరికా అధికారుల అంచనా అందులో దాదాపు సగమే. సగమైనా అది మామూలు దెబ్బ కాదు. కానీ అంకె మాత్రం తేడానే.

చనిపోయినవాళ్ల లెక్క దగ్గర ఇద్దరూ గప్‌చుప్. రష్యా రక్షణ మంత్రి 2022 సెప్టెంబర్‌లో 5,937 మంది సైనికులు చనిపోయారని చెప్పారు. ఆ తర్వాత మాస్కో నుంచి మళ్లీ అలాంటి మొత్తం లెక్క రాలేదు. జెలెన్‌స్కీ 2024 ఫిబ్రవరిలో 31 వేలని, అదే ఏడాది డిసెంబర్‌లో 43 వేలని చెప్పారు. అదీ తక్కువేనని అనుకునేవాళ్లు ఎక్కువ. అధికారిక లెక్క దొరక్కపోవడంతో మీడియాజోనా అనే రష్యన్ వార్తా సంస్థ, బీబీసీ రష్యన్ విభాగం కలిసి సంతాప ప్రకటనలు, కొత్త సమాధులు చూసి ఒక్కో పేరు రాసుకుంటూ వస్తున్నాయి. ఆ జాబితా ఎప్పుడో లక్ష దాటింది.

మనుషులు కావాలి.. అదీ గోల పుట్టకుండా!

ఇక తెలుగు రాష్ట్రాలకు సంబంధించిన అసలు సంగతి. రష్యా వ్యూహం 2022 చివరి నుంచి మారింది. మెరుపు దాడి ఫెయిలైంది కాబట్టి, చిన్న చిన్న గుంపుల్ని పంపిస్తూ ఎదుటివాడిని అరగదీసే యుద్ధం మొదలుపెట్టింది. బఖ్ముత్, అవ్‌దీవ్కా అలాగే పడిపోయాయి. ఇలాంటి యుద్ధానికి రోజూ కొత్త మనుషులు కావాలి.

2022 సెప్టెంబర్ 21న పుతిన్ 3 లక్షల మందిని బలవంతంగా పిలిపించారు. దాంతో లక్షల మంది రష్యన్లు దేశం వదిలి పారిపోయారు. ఆ గోల చూశాక క్రెమ్లిన్ మళ్లీ అలాంటి ప్రకటన చేయడానికి జంకింది. బదులుగా డబ్బు ఆశ చూపింది. జైళ్లలో ఉన్నవాళ్లను తీసుకుంది. విదేశీయుల వైపూ చూసింది. ఏడాది కాంట్రాక్టు మీద సైన్యంలో చేరే విదేశీయులకు, వాళ్ల కుటుంబానికి త్వరగా పౌరసత్వం ఇచ్చేలా 2024 జనవరిలో పుతిన్ డిక్రీ కూడా ఇచ్చారు. నేపాల్ నుంచి వెళ్లినవాళ్లు చనిపోతుండటంతో ఆ దేశం అదే నెలలో రష్యా, ఉక్రెయిన్‌లకు వర్క్ పర్మిట్లు ఆపేసింది.

భారత్‌లో ఈ వల యూట్యూబ్ ద్వారా పడింది. దుబాయ్ నుంచి నడిచే ఓ చానెల్‌లో రష్యా వీధుల్లో తిరుగుతూ తీసిన వీడియోలు వచ్చాయి. రష్యా ఆర్మీలో హెల్పర్ జాబ్, యుద్ధానికి వెళ్లక్కర్లేదు, కూలిన కట్టడాలు శుభ్రం చేయడం, సామాన్లు మోయడం లాంటి పనులే, కొన్నాళ్లకు అక్కడే సెటిల్ అవ్వొచ్చు.. ఇదీ ఆ వీడియోల సారాంశం. ఆ క్లిప్పులో బాంబు లేదు, ట్యాంకు లేదు, జెండా లేదు. మంచు, మంచి రోడ్డు, నవ్వుతూ మాట్లాడే మనిషి. అందుకే ప్రచారం అని ఎవరికీ అనిపించలేదు. ఇన్నేళ్ల యుద్ధంలో మన దగ్గర బాగా పనిచేసిన ప్రచారం వీడియో బహుశా ఇదే.

వెళ్లినవాళ్లు ఏజెంట్లకు లక్షల్లో కట్టారు. అక్కడ దిగాక రష్యన్ భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకున్నారు. చదవడం రాదు, అడిగేవాడు లేడు. పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చి సరిహద్దు వైపు పంపించేశారు. కందకాలు తవ్వడం, మందుగుండు మోయడం, చివరికి తుపాకీ పట్టుకోవడం. హెల్పర్ అన్న మాటకు అక్కడ అర్థం అది. పై నుంచి చూసే డ్రోన్‌కు హెల్పర్ ఎవరో, సైనికుడు ఎవరో తెలియదు కదా.

2024 ఫిబ్రవరిలో డ్రోన్ దాడిలో సూరత్ యువకుడు చనిపోయాడు. మార్చి 6న హైదరాబాద్‌కు చెందిన 30 ఏళ్ల యువకుడు చనిపోయినట్టు మాస్కోలోని భారత ఎంబసీ ప్రకటించింది. అతను వెళ్లింది కూడా హెల్పర్ పనికే. అతని కుటుంబం అంతకుముందే సాయం చేయమని తిరగని చోటు లేదు. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ విదేశాంగ మంత్రికి లేఖ కూడా రాశారు. మరుసటి రోజే, మార్చి 7న, ఏజెంట్లు, వీసా కన్సల్టెన్సీల మీద పెట్టిన కేసులో సీబీఐ పలు నగరాల్లో సోదాలు చేసింది. యూట్యూబ్ లాంటి సోషల్ మీడియా వేదికలే గాలమని సీబీఐ చెప్పింది.

అదృష్టం ఉన్నవాళ్లూ ఉన్నారు. నారాయణపేట యువకుడు ఒకరు, కలబురగి నుంచి ముగ్గురు 2024 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. నారాయణపేట కూడా అగళి లాగే కర్ణాటక సరిహద్దే. ఒకే వీడియో అటూ ఇటూ రెండు రాష్ట్రాల కుర్రాళ్లనూ లాగింది. వాళ్లు బయటపడటానికి ముందు ఢిల్లీ స్థాయిలో పెద్ద ప్రయత్నమే జరిగింది. జూలై 8, 9 తేదీల్లో ప్రధాని మోదీ మాస్కో వెళ్లినప్పుడు పుతిన్ దగ్గరే ఈ విషయం ఎత్తారు. ఏప్రిల్ నుంచే భారతీయుల్ని తీసుకోవడం ఆపేశామని రష్యా ఎంబసీ ఆగస్టులో చెప్పింది.

ఆపేశామన్నాక ఆగిందా? లెక్కలే చెబుతాయి. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన అంకె 126 మంది, అందులో 12 మంది మృతులు. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటుకు చెప్పిన అంకె 202 మంది. అందులో 119 మంది విడుదలయ్యారు, 26 మంది చనిపోయారు, ఏడుగురి ఆచూకీ లేదు, మిగతా 50 మందిని విడిపించే ప్రయత్నం జరుగుతోందని ప్రభుత్వం చెప్పింది. సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ ‘ఇలాంటి ఆఫర్లు నమ్మొద్దు’ అని మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది కూడా.

2025 అక్టోబర్‌లో ఇంకో కోణం బయటపడింది. చదువుకోవడానికి రష్యా వెళ్లిన 22 ఏళ్ల గుజరాత్ కుర్రాడు లొంగిపోయాడంటూ ఉక్రెయిన్ 63వ బ్రిగేడ్ అతనితో మాట్లాడించిన వీడియో వదిలింది. జైలు తప్పించుకోవడానికి సైన్యంలో చేరానని, యుద్ధం వద్దని అతను చెప్పాడు. దీన్ని లక్షల మంది చూశారు. అయితే యుద్ధ ఖైదీలను జనం చూసే వస్తువుగా వాడకూడదని మూడో జెనీవా ఒప్పందం 13వ ఆర్టికల్ చెబుతోంది. ఆ కుర్రాడు చెప్పింది నిజమే కావచ్చు. కానీ పట్టుకున్నవాళ్ల కెమెరా ముందు ఎవరైనా ఏం మాట్లాడగలరు? ఆ వీడియో ఉద్దేశం ఇంకా ఎవరూ రష్యా సైన్యంలో చేరకుండా చేయడం. మంచి ఉద్దేశమే అయినా అదీ ప్రచారమే.

ఇదే ఆట మన గడప దగ్గర కూడా..

ఉక్రెయిన్ గురించి నేర్చుకున్నదంతా 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ టైమ్‌లో ఇక్కడ పనికి రావాల్సింది. పనికి రాలేదు. కరాచీ పోర్టు ధ్వంసమైందని దేశంలో పలు టీవీ చానెళ్లు బ్రేకింగ్ వేశాయి. అలాంటిదేమీ జరగలేదు. అవతలి వైపు నుంచి ‘ఆర్మా 3’ గేమ్ క్లిప్పులు నిజం యుద్ధంలా తిరిగాయి. 2020లో లెబనాన్‌లోని బీరూట్‌లో జరిగిన పేలుడు వీడియోను భారత్ మీద క్షిపణి దాడిగా తిప్పారు. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఒక్కొక్కటీ ఖండించేలోపే అవి ఊరూరా చేరిపోయాయి.

ఆ హడావిడిలోనే ఒక నిజమైన వార్త ఈ జిల్లాకు వచ్చింది. గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ జవాన్ నియంత్రణ రేఖ దగ్గర పాక్ కాల్పుల్లో వీరమరణం పొందాడు. హిందూపురం, పెనుకొండ, మడకశిర ప్రాంతమంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఫోన్లలో మాత్రం అదే రోజు కరాచీ తగలబడుతూనే ఉంది.

నిజానికి కేంద్రం అంతకుముందే చానెళ్లను హెచ్చరించింది. ఉక్రెయిన్ యుద్ధం కవరేజీలో రెచ్చగొట్టే హెడ్డింగులు, ఆధారం లేని కథనాలు వేశారంటూ 2022 ఏప్రిల్ 23న సమాచార ప్రసార శాఖ అడ్వైజరీ ఇచ్చింది. సైనిక కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని 2025 ఏప్రిల్ 26న ఇంకోటి ఇచ్చింది. ఉక్రెయిన్‌లోనైతే సైన్యం ఎక్కడుందో వీడియో తీసి పెడితే జైలే. 2022 మార్చిలోనే చట్టం తెచ్చారు. ఎందుకంటే ఆ క్లిప్పు చూసేవాళ్లలో శత్రువు గన్నర్ కూడా ఉంటాడు.

క్లిప్పు వస్తే ఏం చూడాలి?

ఆర్మా 3 తయారు చేసిన చెక్ కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ స్వయంగా 2022 నవంబర్‌లో కొన్ని గుర్తులు చెప్పింది. గేమ్ వీడియో అయితే సాధారణంగా మసకగా, ఊగుతూ, చీకట్లో ఉంటుంది. సౌండ్ ఉండదు, లేదా మ్యూజిక్ అతికిస్తారు. మనుషులు పెద్దగా కనిపించరు. పొగ, దుమ్ము సహజంగా కదలవు. అనుమానం వస్తే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియో అయితే చాలాసార్లు దొరికిపోతుంది.

ఏ ఊరు ఎవరి చేతిలో ఉందన్న వార్తకు ఇంకో చిట్కా ఉంది. ఎవరు తమకు నష్టమైన మాట ఒప్పుకుంటున్నారో చూడాలి. ఊరు పోయిందని ఉక్రెయిన్‌కు చెందిన డీప్‌స్టేట్ మ్యాప్ చూపించిందంటే దాదాపు పోయినట్టే. ఊరు ఇంకా మన చేతికి రాలేదని రైబార్ లాంటి రష్యా అనుకూల టెలిగ్రామ్ చానెల్ రాసిందంటే, మాస్కో ప్రకటన తొందరపాటే అన్నమాట. గెలిచామనే మాట మాత్రం ఎవరు చెప్పినా, గట్టు మీదున్న చెట్లూ భవనాలూ శాటిలైట్ ఫొటోతో సరిపోల్చి చూసేదాకా పక్కన పెట్టొచ్చు.

ఉద్యోగం వీడియో వస్తే..

బాంబు క్లిప్పు నమ్మితే పోయేది టైమ్. ఉద్యోగం క్లిప్పు నమ్మితే పోయేది మనిషి. కదిరి, రాయచోటి వైపు నుంచి గల్ఫ్‌కు, అగళి, మడకశిర నుంచి బెంగళూరుకు పని కోసం వెళ్లడం ఇక్కడ మామూలే. కాబట్టి ఈ విషయాలు ఇంట్లో అందరికీ తెలియాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ పేరు ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో ఫోన్లోనే చూసుకోవచ్చు. సర్వీస్ చార్జీగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మూడు లక్షలు, నాలుగు లక్షలు అడిగారంటే అక్కడే తేడా ఉన్నట్టు. ఉద్యోగానికని చెప్పి టూరిస్ట్ వీసా మీద పంపుతామన్నా, తెలియని భాషలో కాగితం మీద సంతకం అడిగినా ఆగిపోవాలి. ‘ఆర్మీ’ అనే మాట ముందు ఏ పదం తగిలించినా, హెల్పర్, కుక్, డ్రైవర్, సెక్యూరిటీ.. అది ఆర్మీయే.

విదేశాల్లో చిక్కుకున్నవాళ్లకు, వెళ్లే ముందు వివరాలు కావాల్సినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090. ఏపీ వాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని కూడా సంప్రదించవచ్చు. ఇప్పటికే రష్యాలో ఉన్నవాళ్ల కుటుంబాలు మాస్కోలోని భారత ఎంబసీకి పాస్‌పోర్టు కాపీ, చివరిసారి మాట్లాడిన తేదీ, యూనిట్ వివరాలు తెలిస్తే అవి కూడా పంపాలి. తిరిగొచ్చిన 119 మంది బయటపడింది ఎంబసీ జోక్యంతోనే.